డొల్ల చప్పుడు

మా ఇంట్లో ఇస్త్రీపెట్టె పేరుకే నాది. కొన్నది నేను, దాని మీద బతుకుతున్నది నేను. కుట్టిన బట్టకి ఇస్త్రీ మడత పడకపోతే ఏ దర్జీ పనైనా గోనెసంచిలాగే ఉంటుంది. అలాంటిది ఒకరోజు పొద్దున్నే ఒకావిడ తెల్ల చొక్కా మీద పెట్టి లాగానో లేదో, కాలరు నుంచి జేబు దాకా గోధుమరంగు చార పడింది. తిప్పి చూస్తే అడుగున జిగురు మాడి అట్టకట్టి ఉంది. "ఏవండీ!" అని నేను పెట్టిన కేకకి పైఅంతస్తు వాళ్ళు కిటికీ తెరిచారు. పక్కగదిలో ఉన్న మా ఆయన మాత్రం తల ఎత్తలేదు. సగం చెవుడు, సగం పొగరు అనుకున్నాను అప్పుడు.

ఆయన ఉద్యోగమంతా ప్రెస్సులో, పత్రిక అచ్చువేసే పెద్ద మెషిన్ల పక్కన గడిచింది. అక్కడ మనుషులు చేతులతోనే మాట్లాడుకునేవారట. ఇంటికొచ్చాక "మంచినీళ్ళియ్యి" అన్నా వీధి చివర దాకా వినపడేది. పని మానేసిన తర్వాతే తెలిసింది, మెషిన్లు ఆగినా ఆయన చెవుల్లో హోరు ఆగలేదని. చెవి డాక్టరు పరీక్షలన్నీ చేసి, లోపల నరం అరిగిపోయిందనీ, మిగిలింది కూడా ఎక్కువకాలం నిలవదనీ, చెవిలో పెట్టుకునే మిషను మాటకి కొన్నాళ్ళు సాయపడుతుందేగానీ పాటకి పనికిరాదనీ చెప్పింది. ఆయన ఆమె పెదవుల వంకే చూస్తూ కూర్చున్నారు. బయటికొచ్చాక మెట్ల మీద ఆగి, "అయితే పోయేలోగా ఒక్కసారి నిఖార్సుగా వింటాను" అన్నారు.

"ఏం వింటారు?"

"పాట. నా చేత్తో చేసిన పెట్టెల్లోంచి."

నిజానికి ఆ స్పీకర్ పెట్టెల కోరిక కొత్తది కాదు. పెళ్ళైన కొత్తలో కూడా రేడియో దగ్గర చెవి ఆనించి కూర్చుని, "దీనికి అడుగు లేదే, పాట నడుము దాకానే వస్తోంది" అని సణిగేవారు. ఎప్పుడో తెచ్చిన స్పీకర్ యూనిట్లు అట్టపెట్టెల్లో మంచం కింద ఉండనే ఉన్నాయి. డాక్టరు మాటతో అవి మంచం కింద నుంచి బయటికొచ్చాయి. నా కుట్టుగది పక్కన ఉన్న చిన్నగది ఆయన కార్ఖానా అయిపోయింది.

మందపాటి ప్లైవుడ్ పలకలు కోయించి, లోపల అడ్డదూలాలు బిగించి, మోకాలెత్తు పెట్టెలు రెండు నిలబెట్టారు. లోపల కుక్కడానికి దూది కావాలంటే నా దగ్గరున్న పాత బొంత విప్పి ఇచ్చాను. మా మరిది ఎలక్ట్రిక్ సామాను కొట్లో పనిచేస్తాడు. వాడొచ్చి తీగలు కలిపి, "ఇంకేంటన్నయ్యా, యూనిట్లు బిగించి ఒక పాట పెట్టి చూద్దాం" అన్నాడు. పెట్టెలు అప్పటికే పలకడానికి సిద్ధం. పైన వేసే తొడుగు కంటికోసమే తప్ప చెవికోసం కాదు.

"వెనీర్ వెయ్యాలి, పాలిష్ పెట్టాలి" అన్నారు ఆయన.

"ముందు వినండి, తర్వాత వేసుకోండి. వెనీర్ ఎక్కడికీ పారిపోదు. పారిపోతున్నది మీ చెవులు" అన్నాను నేను, మొహానికి ఎదురుగా నిలబడి.

"గుండీలు కుట్టకుండా చొక్కా ఇచ్చేస్తావా నువ్వు?"

దర్జీదాన్ని దర్జీమాటతో కొడితే ఏమంటాను?  మరిది నా వంక చూసి, "వదినకి జవాబు దొరకలేదు, క్యాలెండర్‌లో రాసి పెట్టుకోవాలి" అని నవ్వాడు.

వెనీర్ అంటే మంచి చెక్కని కాగితంలా పల్చగా కోసిన పొర. మా వీధి మలుపులో వడ్రంగి మేస్త్రి ఉన్నాడు, నన్ను అక్కా అనీ మా ఆయన్ని బావగారనీ పిలుస్తాడు. అతని దగ్గర ఒకే దుంగలోంచి వరసగా కోసిన పొరల కట్ట ఉంటే తెచ్చుకున్నారు. పక్కపక్క పొరల్ని పుస్తకం తెరిచినట్టు విప్పితే, ఎడమదాంట్లో ఉన్న గీత కుడిదాంట్లో అద్దంలో చూసినట్టు ఉంటుంది. ఎడమ పెట్టెకి ఒకటి, కుడి పెట్టెకి ఒకటి. అది నాకు కొత్తగా చెప్పక్కర్లేదు, చారల బట్టకి రెండు ముందుభాగాలూ కత్తిరించేటప్పుడు నేను చేసేది అదే.

పని పద్ధతి కూడా నాకు నచ్చింది. పెట్టెకీ పొరకీ రెంటికీ తెల్ల జిగురు రాసి ఆరనివ్వాలి. ఆరాక ఒకదానిమీద ఒకటి పరిచి, పల్చటి బట్ట వేసి ఇస్త్రీ చెయ్యాలి. వేడికి జిగురు కరిగి పట్టుకుంటుంది. ఎక్కడైనా పట్టకపోతే లోపల గాలి నిలుస్తుంది. అది కంటికి కనపడదు, గోటితో కొట్టి వినాలి. పట్టినచోట ఠక్కుమని గట్టిగా పలుకుతుంది. పట్టనిచోట డొల్లగా, కాయ లోపల గింజ ఎండినట్టు పలుకుతుంది. ఆయన తల ఒక పక్కకి వంచి, అంగుళం అంగుళం గోటితో కొట్టుకుంటూ పోవడం నేను నా కుట్టుమిషను దగ్గరనుంచి చూసేదాన్ని. కోపంలో ఉన్నా ముచ్చటేసేది.

మొదటిసారి వేసినప్పుడు కుడిపెట్టె పొర తిరగేసి అంటించారు. రెండు పెట్టెలూ ఒకే వైపుకి చూస్తున్నట్టయింది. మళ్ళీ వేడిచేసి గీకి తీశారు. రెండోసారి అంతా బాగుంది గానీ మూలలు నున్నగా చేసేటప్పుడు ఉప్పుకాగితం నాలుగు రుద్దులు ఎక్కువ రుద్ది, కింద ప్లైవుడ్ బయటపడేసుకున్నారు. అదీ తీసేశారు. ఈలోగా ఎండలు పోయి వానలొచ్చాయి. "గాల్లో చెమ్మ ఉంది, జిగురు ఆరదు" అని కొన్నాళ్ళు అసలు ముట్టుకోలేదు.

నా తల ప్రాణం తోకకొచ్చింది. నాకు కావలసింది ఒక్కటే. ఆ చెవులు పూర్తిగా మూతపడేలోగా ఆయన ఆ పెట్టెల ముందు కూర్చుని ఒక్క పాట వినాలి. అవి అందంగా ఉన్నాయా, వికారంగా ఉన్నాయా, గోనెగుడ్డ కప్పుకున్నాయా అన్నది నాకు అనవసరం.

వానలు వెలిసాక మూడోసారి వేశారు. ఆ సాయంత్రం ఆరేసిన బట్టలు చంకనేసుకుని చిన్నగదిలోంచి వస్తున్నాను. ఆయన ఎడమపెట్టె పక్కన గొంతుక్కూచుని, తల వంచి, గోటితో కొడుతున్నారు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. ఠక్, ఠక్, ఠక్. ఉన్నట్టుండి ఒకచోట డొల్ల. చాలా స్పష్టంగా, గుమ్మంలో ఉన్న నాకు కూడా వినపడేంత డొల్ల. ఆయన అక్కడే రెండుసార్లు కొట్టారు, ఇంకా కిందికి జరిగారు, తల అదే పక్కకి వంచి ఉంది. చివరికి లేచి నిలబడి మోకాళ్ళు దులుపుకున్నారు.

"ఎక్కడా డొల్ల లేదు. ఈసారి ఫస్టుక్లాసుగా పట్టింది. నువ్వేమంటావ్?"

 ఏమంటాను? "బాగుంది" అన్నాను. పెదవులు బాగా కదిపి అన్నాను. ఆయన తలూపారు.

ఆ తర్వాత రెండు మూడు రోజులు దొంగలా పరీక్షలు పెట్టాను. వెనకనుంచి పిలిచాను. కుక్కర్ మూత కింద పడేశాను. కిటికీ రెక్క గాలికి ధడేలుమంటే నేను ఉలిక్కిపడ్డాను, ఆయన బ్లేడు పదును చూసుకుంటూ ఉన్నారు. ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం అన్నింటికీ జవాబు చెప్పేవారు. మనిషి పెదవులు చదవడం నేర్చేసుకున్నారు. ప్రెస్సులో నేర్చిన విద్యేమో అది. మిగిలిందనుకున్న వినికిడి ఎప్పుడు పోయిందో నాకు తెలియను కూడా తెలియలేదు. ఒకే ఇంట్లో ఉండి, ఒకే గిన్నెలో అన్నం వండుకుని, నాకు తెలియలేదు.

ఆయన కూరగాయలకి వెళ్ళినప్పుడు నేను ఆ డొల్ల దగ్గర కూర్చున్నాను. చెక్క గీత వెంబడి సన్నగా బ్లేడుతో కోసి, సూదిమొనతో లోపలికి జిగురు దోపి, బట్ట వేసి ఇస్త్రీ పెట్టాను. గోటితో కొట్టి చూస్తే ఠక్కుమంది. చీర అంచు చిరుగు రఫూ చేసినంత సులువుగా కుదిరింది. ఎందుకు చేశానంటే, కనీసం పెట్టెలైనా గట్టిగా ఉండాలని. అంతకు మించి ఆలోచించలేదు.

మర్నాడు ఆయన దీపం పక్కనుంచి పట్టి చూసుకుంటూ ఆ కోత దగ్గర ఆగారు. వెంట్రుక మందం కూడా లేదు అది. వేలితో రాశారు. నా వంక చూశారు. నేను మిషను తొక్కుతున్నట్టు నటించాను. ఆయన లేచారు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టి, వేడెక్కాక, ఆ పక్కంతా వేడిచేసి, పొర మొత్తం గీకి పారేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన వీపు నా వైపు ఉంది. "ఎందుకయ్యా పీకుతావ్? నీకు వినపడనే వినపడదు! ఇంకెవరి కోసం ఈ సింగారం?" అని ఎప్పుడూ అనని ఏకవచనంలో అరిచాను. ఆ వీపు కదల్లేదు. చెక్కపొరలు చిన్నచిన్న పేలికలుగా ఆయన కాళ్ళ దగ్గర పడుతూనే ఉన్నాయి. అరిచి అరిచి నాకే ఏడుపొచ్చి, వంటింట్లోకి పోయి కొళాయి తిప్పుకుని ఏడ్చాను. కొళాయి తిప్పాల్సిన అవసరం లేదని కూడా తర్వాత తట్టింది.

అప్పుడే ఇంకో సంగతి కూడా తట్టింది. ప్రతి పొరకీ వెనకవైపు పెన్సిలుతో బాణం గుర్తు, ఎడమ, కుడి, పైకి, కిందికి అని రాసిపెట్టుకునే మనిషి మొదటిసారి పొర తిరగేసి ఎలా అంటించారు? జీవితమంతా కాగితం మీద సిరా మందం వేలితో చూసి చెప్పిన మనిషికి ఉప్పుకాగితం ఎప్పుడు ఆపాలో తెలియలేదా? ఆయన పెట్టెలు పూర్తి చెయ్యలేకపోవడం కాదు. పూర్తి చెయ్యకుండా చూసుకుంటున్నారు. పెట్టెలు పూర్తికానంత కాలం ఆ పాట ఇంకా ముందుంది. పూర్తైన రోజున అది లేదని తేలిపోతుంది.

కానీ నాది మొండి ఘటం. తెలిసినా వదల్లేదు. ఏమో, పెద్దగా పెడితే ఏ మూలో అందుతుందేమో అని ఒక పిచ్చి ఆశ. మేస్త్రి దగ్గరికి నేనే వెళ్ళాను.

"ఇదే చివరి కట్టక్కా. ఆ దుంగ అయిపోయింది. వేరే చెక్క ఉంది గానీ దీంతో కలవదు" అన్నాడతను. "ఇంకోసారి పీకొద్దని చెప్పు బావగారికి. చెప్తే వింటారా?"

"వినరు" అన్నాను. అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆయనకి కట్ట చూపించి, ఎదురుగా నిలబడి, "ఇదే ఆఖరుది" అన్నాను. చాలాసేపు ఆ పొరల్ని వేళ్ళతో తడిమారు. తర్వాత పనిలోకి దిగారు. ఈసారి ఒక్క తప్పు లేదు. బాణాలు సరిచూసుకున్నారు, జిగురు పల్చగా రాశారు, ఓపికగా ఆరబెట్టారు, నా ఇస్త్రీపెట్టె అడుగుకి ఒక్క చుక్క అంటకుండా బట్ట వేశారు. అన్ని పక్కలూ అయ్యాక, గోటితో కొట్టే వేళకి, నా మిషను దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"నా గోళ్ళు అరిగిపోయాయే. నువ్వు కొట్టు."

చెయ్యి చాపి చూపించారు. గోళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. సరేనని లేచాను. నేను పెట్టె పక్కన కూర్చుని కొట్టుకుంటూ పోతుంటే ఆయన నా చెయ్యి చూడలేదు, నా మొహమే చూస్తూ కూర్చున్నారు. ఒకచోట కొంచెం డొల్ల తగిలింది. నా కనుబొమ్మ కదిలిందో లేదో, అక్కడ ఇస్త్రీపెట్టె ఆనించేశారు. అలా ఇద్దరం కలిసి రెండు పెట్టెలూ చుట్టొచ్చాం. మా కాపురంలో అంత దగ్గరగా కూర్చుని ఏ పనీ చేసినట్టు నాకు గుర్తు లేదు. అంత దిగులుగా కూడా.

పాలిష్ పెట్టినన్నాళ్ళూ ఇల్లంతా ఆ వాసనే. గుడ్డని ఉండచుట్టి ముంచి, గీత వెంబడి రాసి, ఆరాక సన్న ఉప్పుకాగితంతో ఊరికే తాకించి, మళ్ళీ రాసి. చెక్కలో నిద్రపోతున్న రంగంతా పైకొచ్చింది. ఎడమపెట్టెలో పైకి లేచిన గీతలు కుడిపెట్టెలో కూడా అలాగే లేచి, మధ్యలో ఖాళీ ఉన్నా రెండూ చేతులు కలుపుకోబోతున్నట్టు ఉన్నాయి. నేను చాలా బట్టలు కుట్టాను గానీ అంత అందమైన పని నా చేతిలోంచి ఒక్కటీ రాలేదు. ఆ మాట ఆయనతో అన్నాను. ఆయన సిగ్గుపడ్డారు.

పెట్టెలు పూర్తయ్యాయనీ, ఆ చెక్క ఇక లేదనీ మరిదికి కబురందింది. ఆదివారం మధ్యాహ్నం ఆంప్లిఫయర్ పట్టుకుని వస్తాననీ, ఈసారి ఏ సాకులూ చెల్లవనీ ఫోన్ చేశాడు. పొద్దున్నే ఆయన స్నానం చేసి, నేను కుట్టిన కొత్త చొక్కా వేసుకుని, యూనిట్లు బిగించారు. ఎన్నేళ్ళుగానో మంచం కింద ఉన్న ఆ అట్టపెట్టెలు మడిచి ఒక పక్కన పెట్టారు. పెట్టెల ముందు ఒకే ఒక కుర్చీ వేశారు. దానిలో మాత్రం కూర్చోలేదు. పొడిగుడ్డతో తుడిచిన చోటే తుడుస్తూ, పెట్టెల చుట్టూ తిరుగుతూ ఉన్నారు.

నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. మరిది వస్తాడు. వాడు నవ్వుతూ పాట పెడతాడు. పైఅంతస్తు వాళ్ళు కూడా వింటారు. అందరం ఈయన మొహం వంక చూస్తాం. ఈయన ఆ కుర్చీలో కూర్చుని, మా పెదవులు చూసి, ఎప్పుడు తలూపాలో తెలుసుకుని తలూపుతారు. బాగుంది అంటారు. అంతే సంగతులు. ఆ తర్వాత ఈ ఇంట్లో ఎదురుచూడడానికి ఏమీ మిగలదు. అప్పటిదాకా ఆ పాట వినాలి, వినాలి అని నెత్తీ నోరూ కొట్టుకున్నది నేనే. ఇప్పుడు ఆ కుర్చీని ఎత్తి అవతల పెట్టేయాలనిపించింది.

ఆయన గుడ్డ కింద పెట్టి నా వైపు తిరిగారు. "ఇంకొక్కసారి చూడవే. ఎక్కడైనా డొల్ల ఉందేమో."

గొంతు చాలా చిన్నగా ఉంది. ప్రెస్సులో చేరిననాటి నుంచీ ఆ మనిషి అంత మెల్లగా మాట్లాడగా నేను వినలేదు. కళ్ళు మాత్రం నా మొహాన్ని పట్టుకుని వదలడం లేదు. ఏం అడుగుతున్నారో నాకు అర్థమైంది.

వెళ్ళి ఎడమపెట్టె పక్కన కూర్చున్నాను. గోటితో కొట్టాను. ఠక్, ఠక్, ఠక్. ఆ పనికి వంక పెట్టడానికి లేదు. పైనుంచి కిందిదాకా, అంచునుంచి అంచుకి, రాయిలా పట్టి ఉంది. నడిమధ్యలో, గీతలన్నీ కలిసి అన్నింటికన్నా అందంగా ఉన్న చోట, చెయ్యి ఆపాను. కనుబొమ్మలు ముడిచాను.

"ఇక్కడ" అన్నాను. "ఇక్కడ డొల్లగా ఉంది."

ఆయన పెద్దగా ఊపిరి వదిలారు. భుజాలు దిగాయి. "నేను అనుకుంటూనే ఉన్నా" అని ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టడానికి వెళ్ళారు. కొత్త చొక్కా చేతులు మడుచుకుంటున్నారు, పాత హుషారు వచ్చేసింది.

కింద మరిది స్కూటర్ ఆగింది. మెట్లమీద వాడి చెప్పుల చప్పుడు, ఏదో పాట కూనిరాగం. ఆంప్లిఫయర్ చంకలో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి పాలిష్ మీద ఇస్త్రీపెట్టె పొగలు కక్కుతోంది.

"ఏంటి వదినా ఇది! అన్నయ్యకి మతిపోయిందా? ఇవాళ కూడానా?"

"డొల్ల వచ్చింది" అన్నాను.

"ఎక్కడ?" అని వాడు గబగబా వచ్చి, ఇంకా వేడి తగలని చోట గోటితో కొట్టాడు. పక్కన కొట్టాడు. నడిమధ్యలో కొట్టాడు. వాడి చెవులకి ఏ లోటూ లేదు. నా వంక చూశాడు. నేను వాడి కళ్ళలోకి చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. వాడు అన్నయ్య వంక చూశాడు. ఆయన కింద కూర్చుని, తల పైకెత్తి, తమ్ముడి పెదవుల కోసం ఎదురుచూస్తున్నారు.  ఎప్పుడూ వేళాకోళం వదలని మా మరిది ఆంప్లిఫయర్‌ని మెల్లగా గుమ్మం బయట పెట్టి వచ్చాడు.

అన్నయ్య ఎదురుగా గొంతుక్కూచుని, ఒక్కొక్క మాటా పెదవుల మీద విడివిడిగా పెట్టి అన్నాడు. "డొల్లే అన్నయ్యా. మొత్తం తీసేయాల్సిందే."

"చెప్పలా? మీ వదిన చెవి అలాంటిది" అన్నారు ఆయన, గర్వంగా. మేస్త్రి దగ్గర ఇక ఆ దుంగ లేదన్న సంగతి ముగ్గురికీ తెలుసు. 

ఆయన బ్లేడు మొన పొర కిందికి దోపి, అంచు పట్టుకుని లాగారు. అది పైనుంచి కిందిదాకా చిరిగింది. ఆ చప్పుడు నేనూ మరిదీ విన్నాం.